కోత పండుగ కుంచం కథ

కుంచం ధాన్యం కొలిచే పాత్ర. నాలుగు మానికలు ఒక కుంచం, రెండు కుంచాలు ఒక ఇరస, రెండు ఇరసలు ఒక తూము, 20 తూములు ఒక పుట్టి. ఈ కథలోని కుంచం ఇనప రేకుతో చేసినది. మూతి చుట్టూ ఇత్తడి పట్టీ, ఒక పక్క సొట్ట, అడుగున చెరిగిపోయిన ముద్ర ఉన్నాయి. ఏలూరులో తయారై, కొల్లేటి ఒడ్డున ఒక ఊళ్లో రైతు కళ్లంలో పనికి కుదిరింది.

కళ్లంలో కుప్ప నూర్చి, తూర్పారబట్టి, రాశి పోశాక కొలత మొదలయ్యేది. కొలిచే మనిషి మొదటి కుంచానికి ఒకటి అనడు, లాభం అంటాడు. ఏడో కుంచానికి ఆరున్నొకటి అంటాడు. కౌలుకూ అప్పుకూ ఇదే కొలత, కూలికీ ఇదే కొలత. కూలి గింజలు కొలిచేటప్పుడు మాత్రం పైన నిలిచిన నాలుగు గింజల్ని అరచేత్తో తుడిచేసి, తల కొట్టి ఇచ్చేవారు. ఆ కూలి గింజలు ఒడిలో పట్టుకుని పోయినవాళ్లు పేటల్లోని మాలలు, మాదిగలు. ఊడ్చిందీ కోసిందీ వాళ్లే, భూమి మాత్రం వాళ్లది కాదు. కోత అయ్యాక మళ్లలో పరిగె ఏరుకునేదీ వాళ్లే. బైబిల్లో రూతు పరిగె ఏరుకున్న కథనూ, ఆ పొలం యజమాని బోయజు ఆమెకు ఆరు కొలతల యవలు కొలిచి పంపిన సంగతినీ ఈ ప్రాంతంలో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు.

1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది. 1958 నుంచి మెట్రిక్ పద్ధతి అంచెలంచెలుగా అమలైంది. బస్తాలు కాటా ఎక్కాయి, కుంచానికి కళ్లంలో పని తగ్గింది. రైతు దాన్ని తన పాలేరుకు ఇచ్చేశాడు. పాలేరు భార్య ఆ ఏడు సార్వా మాసూళ్లయ్యాక వచ్చిన కోత పండుగకు దాని నిండా వడ్లు పోసి చర్చికి తెచ్చి, కుంచంతో సహా అక్కడే వదిలేసింది.

ఆమె వడ్లు నింపిన తీరు చెప్పుకోదగినది. ముందు అంచు దాకా పోసింది. కుంచాన్ని రెండుసార్లు నేలకు తాటించింది, గింజలు కుదురుకుని కిందికి దిగాయి. అరచేత్తో అదిమి మళ్లీ పోసింది. గోపురంలా లేచి, అంచులు దాటి చాప మీదికి జారేదాకా ఆపలేదు. లూకా సువార్త 6వ అధ్యాయంలో యేసు చెప్పిన మంచి కొలత ఇలాంటిదే. తల కొట్టిన కూలి తెచ్చుకున్న ఇంటి నుంచి దేవుడికి ఇంత నిండు కొలత రావడం కన్నా పెద్ద సాక్ష్యం ఈ కుంచానికి మరొకటి దొరకలేదు.

కోత పండుగనాడు గుమ్మడికాయలు, అరటి గెలలు, కోడిపుంజులు, బాతు గుడ్లు, కొబ్బరి మొక్కలు చర్చిలో ప్రభు బల్ల ముందు చేరతాయి. ఆరాధన అయ్యాక వేలం. పాట పాడేవాళ్లు సరుకు ధర చూడరు, ఒక్క గుమ్మడికాయకే నలుగురు పోటీ పడతారు. వచ్చిన సొమ్ము సంఘం ఖర్చులకు పోతుంది. ధాన్యంలో కొంత అమ్ముతారు, కొంత ప్రేమవిందుకు వండుతారు, కొంత విధవరాళ్లకు ఈ కుంచంతోనే కొలుస్తారు. అప్పుడు ఎవరూ తల కొట్టరు.

పండుగలో తరచు చదివేది 136వ కీర్తన. 26 చరణాలు; ప్రతి చరణమూ దేవుడి కృపను తలచుకునే ముగుస్తుంది. ఆకాశాన్ని చేసినవాడు, నీళ్ల మీద భూమిని పరచినవాడు, సముద్రాన్ని పాయలుగా చీల్చినవాడు అంటూ సాగి, చివరికొచ్చేసరికి ప్రాణులన్నిటికీ తిండి పెట్టేవాడు అంటుంది. అంత శక్తీ వచ్చి కంచం దగ్గర ఆగుతుంది. 62వ కీర్తన కూడా బలం దేవుడిదని చెప్పిన వెంటనే కృప ఆయనదని చెబుతుంది.

ఈ ప్రాంతానికి సువార్తా, గోదావరి కాలువ నీళ్లూ దాదాపు ఒకే కాలంలో వచ్చాయనాలి. 1836లో ఇంగ్లండు నుంచి బయల్దేరిన బౌడెన్, బీర్ మిషనరీ దంపతులు నరసాపురంలో స్థిరపడ్డారు. గోదావరి మీద 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. చర్చి మిషనరీ సొసైటీ 1854లో ఏలూరులో పని మొదలుపెట్టింది. 1859లో రాఘవాపురం మాలపల్లెకు చెందిన పగోలు వెంకయ్య బాప్తిస్మం తీసుకున్నాక కృష్ణా ప్రాంతపు మాలపల్లెలు ఒక్కొక్కటే కదిలాయి. తాడేపల్లిగూడెం, భీమవరం వైపు లూథరన్ సంఘాలు పెరిగాయి. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య, పేదల సంఘమైనా ఇవ్వడం నేర్చుకుంటేనే నిలబడుతుందని పట్టుబట్టి బోధించారు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేసి, ఆదివారం చర్చికి తెచ్చే అలవాటు తెలుగు సంఘాల్లో బాగా నాటుకుంది. ఆ గుప్పెళ్లను కూడా ఈ కుంచమే కొలిచింది.

కొల్లేటి ఒడ్డున నీరు అన్నమూ పెడుతుంది, అన్నమూ లాక్కుంటుంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరంతా సరస్సులో చేరి ఒక్క ఉప్పుటేరు గుండానే సముద్రానికి పోవాలి. అది ఆలస్యమైతే చేలు రోజుల తరబడి మునకలో ఉంటాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు లంక గ్రామాలు నీటిలో చిక్కుకున్నాయి. వరద దేవుడి శక్తిని చూపిందని చెప్పడం తేలిక, పైరు కుళ్లిపోయిన రైతు ముఖం చూస్తూ ఆ మాట అనడం తేలిక కాదు. అలా పంట పోయిన ఒక ఏడు ఈ చర్చిలో హబక్కూకు 3వ అధ్యాయం చదివారు. పొలాల్లో తిండి పండకపోయినా యెహోవాయందు ఆనందిస్తానన్న ప్రవక్త మాట అందులోది. ఆ ఏడు కుంచం సగం కూడా నిండలేదు. అయినా దాన్ని బల్ల ముందు పెట్టకుండా మానలేదు.

ఈ ఏళ్లలో చాలా పొలాలు చేపల చెరువులయ్యాయి. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. పండుగకు ఇప్పుడు వడ్ల కన్నా కొర్రమీనులూ, వాటి కన్నా నగదు కవర్లూ ఎక్కువగా వస్తాయి. కవరు మీద కారణం ఒక్క ముక్కలో రాస్తారు: కానుపు, ఆపరేషన్, గల్ఫ్ నుంచి క్షేమంగా రాక, చెరువులో తెగులు తగ్గడం. పాస్టరుగారు ఒక్కొక్కటే పైకి చదివి ప్రార్థిస్తారు. కుంచాన్ని బల్ల పక్కనే ఉంచుతున్నారు, దాళ్వా చేసి వడ్లు తెచ్చేవాళ్లు ఇంకా కొందరున్నారు గనక.