ఫాక్సునకు రంగు వేయుట

బెంగుళూరున కాపురముండువారికి కార్యాలయ దర్శనము తీర్థయాత్రవంటిది. ఒకమారు పోయినంత మాత్రమున పుణ్యము దక్కదు. ప్రభుత్వ కార్యము దైవకార్యమని విధానసౌధ నుదుట చెక్కియున్నది గనుక, దైవదర్శనమునకు వరుస తప్పదని వేరుగా చెక్కింపనక్కరలేదని దానిని కట్టించిన కెంగల్ హనుమంతయ్యగారు తలచియుందురు. 1990ల నాట ఈ ఊరివారు రాత్రివేళ తలుపు తట్టు దయ్యమునకు వెఱచి, మన పల్లెలలో "ఓ స్త్రీ రేపు రా" అని వ్రాసినట్లే, గుమ్మములపై "నాళె బా" అని వ్రాసికొనెడివారు. అక్షరాస్యురాలైన ఆ దయ్యము వ్రాత చదివి వెనుదిరిగి, మరునాడు వచ్చి, మరల చదివి వెనుదిరుగుచుండెనట. దయ్యమేమైనదో నేనెఱుగను గాని, ఆ వ్రాత మాత్రము గుమ్మముల నుండి కౌంటర్లకు బదిలీ అయినదనుటకు నేనే సాక్షిని.

నా పని స్వల్పము. మా ఆవిడ పేర ఒక ఆస్తి ఖాతా మార్పింపవలెను. అందులకు ఆమె తమ్ముడు తనకు అభ్యంతరము లేదని వ్రాసియిచ్చిన పత్రము చూపవలెను. ఆ మహానుభావుడు 1995లో హ్యూస్టను నుండి, ఒకటి పోయినను ఒకటి మిగులునను ముందుచూపుతో, స్వహస్తమున తెలుగులో వ్రాసిన ఒకే ఉత్తరమును రెండు తావులకు ఫాక్సు చేసెను. మా వీధి చివరి ఎస్టీడీ బూతునకు వచ్చినది వేడి తగిలినచోట నల్లబారు మెఱుపు కాగితముపై అచ్చుపడి బీరువా చేరినది. నేను నౌకరీ చేయుచున్న చోటి కంప్యూటరునకు వచ్చినది జీత్రీ అను తోక గల ఫైలుగా నిలిచి, ఫ్లాపీ నుండి సీడీకి, సీడీ నుండి పెన్‌డ్రైవునకు జన్మాంతరములెత్తుచు నేటికి సజీవముగానున్నది. పంపినవాడు మాత్రము 2009లోనే కాలము చేసెను గనుక మరియొక ప్రతి వ్రాయించుకొను దారి లేదు.

కార్యాలయము పేరు చెప్పను. మరల అచ్చటికే పోవలసినవాడను. అచ్చటి గుమాస్తాగారు నా మాట సాంతము విని, పోర్టలులో ఎక్కింపవలెననియు, అది జేపీజీ కావలెననియు, 20 కేబీకి తగ్గక 50 కేబీకి మించక యుండవలెననియు సెలవిచ్చి, చివరను "కలర్ కాపీ బేకు సార్" అనిరి. ఫాక్సునకు రంగుండదని మనవి చేసితిని. "రూల్ సార్" అనిరి. రూలునకు మాత్రము రంగున్నదా యని అడుగబోయి, ఖాతా జ్ఞప్తికి వచ్చి ఊరకుంటిని. బ్యాంకు పరీక్షలకు దరఖాస్తు పెట్టుకొన్న ప్రతి యువకునికి ఈ 20, 50ల నడిమి ఇరుకు సందు కంఠోపాఠమే. తన ముఖమును అందులో ఇముడునట్లు కుదించుకొనుటయే తొలి పరీక్ష.

ఫాక్సు వంశము చిన్నది కాదు. స్కాట్లండు గడియారములవాడు అలెగ్జాండర్ బెయిన్ 1843లోనే దానికి పేటెంటు పుచ్చుకొనెను; అనగా 1876లో పుట్టిన టెలిఫోనునకు ఇది ముప్పదిమూడేండ్ల పెద్ద. 1980లో అంతర్జాతీయ సంఘమువారు మూడవ వర్గపు ఫాక్సునకు ధర్మశాస్త్రము విధించిరి: అడ్డముగా వరుసకు 1,728 చుక్కలు, నిలువుగా మిల్లీమీటరునకు 3.85 వరుసలు, ఒక్కొక్క చుక్క నలుపో తెలుపో తప్ప మూడవది కారాదు. చుక్కలనన్నింటిని ఒక్కొక్కటిగా పంపక, ఇన్ని తెలుపులు, ఇన్ని నలుపులు అని లెక్క మాత్రము పంపెడి పొదుపరి విద్య అది. వరుస యంతయు ఖాళీయైనచో ఆ సంగతి చెప్పుటకు పదునేడు బిట్లు, వరుస ముగిసినదనుటకు మరి పండ్రెండు. ఏమియు లేదని చెప్పుటకు ఇంత క్లుప్తమైన భాషను నేను మరెక్కడను చూడలేదు. కార్యాలయములలో ఆ ముక్క చెప్పుటకు మూడు మాసములు పట్టును.

ఇట్టి యంత్రమునకు రాజ్యాంగ ప్రాముఖ్యము సైతము లేకపోలేదు. 2018 నవంబరు 21న ప్రభుత్వమేర్పఱచుటకు తమకు బలమున్నదని మెహబూబా ముఫ్తీగారు పంపబూనిన లేఖను జమ్మూ కాశ్మీర రాజభవనపు ఫాక్సు అందుకొననే లేదట. ఆ రాత్రియే శాసనసభ రద్దయినది. పండుగ సెలవు గనుక యంత్రము వద్ద ఎవరును లేరని గవర్నరుగారు అనంతరము చెప్పిరి.

ప్రస్తుతమునకు వత్తము. మారతహళ్ళిలో సాఫ్టువేరు కొలువు చేయు నా మేనల్లుడు ఆదివారమునాడు వచ్చి, లక్ష రూపాయల ల్యాప్‌టాపున బొమ్మలు, బొత్తములు లేని ఒక నల్లని తెర తెరచి, ఆ ఫైలునకు ఉపచారము మొదలిడెను. 1981లో ఆపిల్ ఉపగ్రహమును, చుట్టును లోహము తగులరాదని, ఎడ్లబండిపై నిలిపి పరీక్షించిన ఊరిది. నేడు ఉపగ్రహముపై ఎడ్లబండి నెక్కించుటయు చూచుచున్నది. "ఈ ఫైలుకి తన వెడల్పెంతో తనకే తెలియదు మామయ్యా, బిట్లు ఎటు నుంచి చదవాలో కూడా మనమే చెప్పాలి" అని, ఫాక్స్‌టుటిఫ్ అను మంత్రమును అంగన్యాస కరన్యాసములతో జపింపగా, తొలిమారు ఇసుక చల్లినట్లు చుక్కలు, మలిమారు ఉత్తరము కనబడినవి. అడ్డము చుక్కలు దట్టము, నిలువు వరుసలు పలుచన గనుక ఆరడుగుల మా బావమరిది సంతకము రోలు క్రింద పడిన అప్పడమువలె సగము ఎత్తునకు అణగియుండెను. దానిని లాగి నిలువబెట్టుటకు మరియొక మంత్రము.

అటుపిమ్మట బొమ్మల రూపు మార్చు ఇమేజ్‌మ్యాజిక్ అను సాధనము. డ్యూపాంటులో పనిచేయుచు జాన్ క్రిస్టీ 1987లో దీనిని ఆరంభించినది, కోటి యరువది లక్షల పైచిలుకు వన్నెల చిత్రములను నాటి తెరలపై 256 వన్నెలకు దింపుటకు. ఇప్పుడు మేము రెండు వన్నెల కాగితమును కోటిన్నరకు మించిన వన్నెలకెక్కించుటకు దానినే వేడుచున్నాము. ఉత్సాహమున నేనును మా ఇంటి విండోసు యంత్రమున "కన్వర్ట్" అని కొట్టి ఫైలు పేరు వ్రాయగా, అది నన్ను గద్దించినది. అచ్చట ఆ నామధేయము డిస్కు స్వరూపమునే మార్చు వేరొక దేవత సొత్తట. అందుకే క్రొత్త కూర్పున ఆజ్ఞ పేరును "మ్యాజిక్" అని మార్చిరట; మ్యాజిక్కుకన్న పెద్ద మాట కార్యాలయములవారికి అక్కఱపడక మానదు. "ఇందులో మోగ్రిఫై జోలికి మాత్రం వెళ్ళకు మామయ్యా, అది అసలు ఫైలు మీదే రాసేస్తుంది" అని పిల్లవాడు హెచ్చరించెను.

ఇక జేపీజీ వచ్చినది. వచ్చి మన లిపిపై పడినది. ఇట్టి ధర్మశాస్త్రములు విధించు సంఘములలో కూర్చున్నవారికి తెలుగు రాదనుటలో సందేహము లేదు. ద, ధలకు భేదము అడుగున వ్రేలాడు చిన్న ఒత్తొక్కటియే; బ, భలకు ఆ ఒత్తుతోపాటు తలకట్టును. మిల్లీమీటరునకు నాలుగైనను లేని వరుసలలో ఆ ఒత్తు మిగులుట అదృష్టము. తలకట్టు అంటినదో విడినదో తెలియకున్న ప, వలు ఏకమై, పాపయ్యగారు వావయ్యగారగుదురు. మా బావమరిది వ్రాసిన "అభ్యంతరము" ఫాక్సులోనే "అబ్యంతరము" ఆయెను. జేపీజీ ధోరణి దీనికి విరుద్ధము: ఎనిమిదికి ఎనిమిది చుక్కల గళ్ళుగా కోసి కుదించునప్పుడు అక్షరముల అంచుల చుట్టును దోమలవలె మచ్చలు ముసరును గనుక, ఫాక్సు హరించిన ఒత్తులను ఇది తనకు తోచినచోట దానము చేయును. "లేదు" అనునది "లేధు" ఆయెను. "అబ్యంతరము లేధు": ఇరువది తొమ్మిదేండ్లకు ఇద్దరు పండితులు కలిసి దిద్దిన వాక్యము.

పరిమాణపు సంగతి మరియును వినోదము. పుటకు సుమారు 19 లక్షల 75 వేల చుక్కలు. చుక్కకొక బిట్టు చాలియుండగా, రంగు పేరిట ఇరువదినాలుగు బిట్లు పంచిపెట్టితిమి. ముప్పది కేబీల ఉత్తరము మూడు వందలు దాటినది. దానిని యాభైలోనికి త్రొక్కుటకు నాణ్యత తగ్గింపగా దోమలు దట్టమైనవి. అయినను 49 కేబీ వద్ద పోర్టలు ప్రసన్నమై ఆకుపచ్చని గుర్తు చూపినది. చదువబడు ప్రతిని నిరాకరించి, చదువరాని ప్రతిని స్వీకరించినది.

ఆపై అసలు ప్రతి చూపుమనిరి. ఫైలే అసలని చెప్పిన నవ్విరి, కాగితము కావలెను. బీరువాలోని ఎస్టీడీ బూతు కాగితము తెచ్చితిని. అట్టి కాగితమునకు ఆయుర్దాయము స్వల్పము. ఇన్నేండ్లలో అక్షరములన్నియు నింపాదిగా నిష్క్రమించి, మీగడరంగు శూన్యము మిగిలియున్నది. గుమాస్తాగారు దానిని దీపమునకెదురుగా పట్టుకొని అటునిటు త్రిప్పి చూచి, కాగితము పాతదేనని తృప్తిపడి, "అసలు ప్రతితో సరిచూడబడినది" అను ముద్రను దాని నడుమ గట్టిగా వేసిరి. ఇప్పుడా పుటయందు అచ్చముగా చదువదగినది ఆ ముద్రయొక్కటియే.

బయటికి వచ్చి మేనల్లునికి ఫోను చేసి చెప్పితిని. వాడు కొంచెము సేపు లెక్క కట్టుకొని, "ముద్ర వేయకముందు ఆ తెల్లకాగితాన్నే ఫాక్సు చేసుంటే నాలుగు కేబీ అయ్యేది మామయ్యా" అని, మరల ఏదో జ్ఞాపకము వచ్చి, "కానీ పోర్టల్ ఒప్పుకోదులే, ఇరవైకి తక్కువ కదా" అనెను.