భూతద్దం బాబు

పెద్ద హీరో ట్రైలర్ పొద్దున పదకొండింటికి వస్తే, భోజనాల వేళకల్లా భూతద్దం బాబు వీడియో దిగుతుంది: ‘మీరు గమనించని 27 విషయాలు’. అందులో ఇరవయ్యారు మనం గమనించి వదిలేసినవే. బాబు ఒక్కడు కాదు, వీధికొకడున్నాడు; ఆయుధం మాత్రం అందరికీ ఒకటే. ప్రీమియర్ ప్రో, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే వీడియో సాఫ్ట్‌వేర్లలో ‘మ్యాగ్నిఫై’ అనే ఎఫెక్ట్ ఉంటుంది. క్లిప్ మీద వేస్తే గుండ్రటి అద్దం తేలుతుంది. ఎక్కడ నిలవాలో, ఎంత శాతం పెంచాలో, అంచు ఎంత మెత్తగా కలిసిపోవాలో చెబితే చాలు. చుట్టూ ఎర్ర వలయం, పక్కన బాణం, వెనక ‘ఢాం’ అన్న చప్పుడు బాబు సొంత తాలింపు. అది పడగానే హీరో చొక్కా గుండీ కాస్తా సీక్వెల్‌కు సాక్ష్యమైపోతుంది.

గోరంతను కొండంత చేయడం పాత విద్యే. బాబు చేసిన కొత్త పొరపాటల్లా, కొండంత కనబడింది కాబట్టి కొండే అనుకోవడం. గాజు భూతద్దం కాగితం మీద నిజంగా ఉన్న వివరాన్ని కంటికి అందిస్తుంది. సాఫ్ట్‌వేర్ అద్దానికి ఫ్రేములో ఉన్న పిక్సెల్సే దిక్కు. ఫుల్ హెచ్‌డీ ఫ్రేమంటే 1920 అడ్డం, 1080 నిలువు. మొత్తం ఇరవై లక్షల పైచిలుకు. అందులో గుండీ వాటా పదిపదులు వంద అనుకుందాం. 800 శాతం పెంచితే ఆ వందే 6,400 చోట్లు నింపాలి. మిగతా 6,300 ఎక్కణ్ణుంచి వస్తాయి? ఉన్నవాటినే సాగదీస్తే గళ్లుగళ్లుగా కనబడుతుంది. నునుపు చేయమంటే పక్క చుక్కల రంగులు చూసి సాఫ్ట్‌వేరే లెక్కగట్టి పూడుస్తుంది. మజ్జిగలో నీళ్లు పోస్తే చెంబు నిండుతుంది గానీ పెరుగు పెరగదు. పైగా నెట్‌లోంచి దించిన ట్రైలర్ అప్పటికే కుదించిన సరుకు. మామూలుగా నాలుగు పిక్సెల్స్‌కి కలిపి ఒక్క రంగు వివరమే మిగులుతుంది. గుండీలో బాబుకు కనబడిన ‘రహస్య ముద్ర’ ఆ కుదింపు మిగిల్చిన మరకే కావచ్చు.

బాబు తరఫు వాదనలోనూ పస లేకపోలేదు. 4కేలో తీసిన దృశ్యాన్ని ఫుల్ హెచ్‌డీ టైమ్‌లైన్‌లో వేస్తే 200 శాతం దాకా పెంచినా వివరం పోదు. ఫోన్‌లో ఏ మూల నొక్కాలో అమ్మమ్మకు చూపించే వీడియోకైతే ఈ అద్దాన్ని మించింది లేదు. దర్శకులు ఆధారాలు దాచడమూ నిజమే: ‘ఖైదీ’ (2019) పాత్రలు ‘విక్రమ్’ (2022)లో తేలాక ప్రతి పోలీసు జీపూ అనుమానితురాలే. కానీ దాచే దర్శకుడు దొరకాలనే దాస్తాడు కదా! పది పిక్సెల్స్ గుండీలో దాస్తే నేల టికెట్టువాడికి ఎలా చేరుతుంది? ఆంటోనియోని ‘బ్లో-అప్’ (1966)లో ఫొటోగ్రాఫర్ ఒక ఫొటోను పెంచుకుంటూ పోయి చుక్కల్లో పడతాడు. అతనికి చివర్లో సందేహమైనా మిగిలింది. మన బాబు పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు, అవీ 800 శాతంలో.

ఎవరో కామెంట్లో ‘అన్నా, అది గుండీయే’ అని రాస్తారు. మర్నాడు ఆ కామెంటు చుట్టూ ఎర్ర వలయం, ‘యే’ మీద అద్దం, ‘ఢాం’. ఇంత గట్టిగా దీర్ఘం తీశాడంటే ఇతను చిత్రబృందం మనిషేనా? రెండో భాగం రేపు సాయంత్రం ఆరింటికి.