ఫాస్టర్ కుక్కను ఎవరికీ దక్కనివ్వకుండా ఉంచుకోవడం ఎలా

న్యూజిలాండ్‌లో కుక్కను పెంచుకోవడం చవకైన వ్యవహారం కాదు. మూడు నెలల వయసు నిండేసరికి కౌన్సిల్లో రిజిస్టర్ చేయించాలి, ఏటా జూలై నెల రాగానే మళ్లీ రుసుము కట్టాలి, మైక్రోచిప్ వేయించాలి, పశువైద్యుడి బిల్లు చూసి గుండె చిక్కబట్టుకోవాలి. ఇవేవీ లేకుండా కుక్క ప్రేమ మాత్రమే కావాలనుకునే గడుసువాళ్లకు ఒక దారి ఉంది. జంతు సంరక్షణ సంస్థ ఎస్‌పీసీఏ దగ్గరో, రేసులు మానేసిన గ్రేహౌండ్లకు ఇళ్లు వెతికే సంస్థ దగ్గరో ఫాస్టర్‌గా పేరు రాయించుకోవడం. తిండి వాళ్లిస్తారు, వైద్యం వాళ్లే చేయిస్తారు. సొంత కుటుంబం దొరికేదాకా ఇంట్లో ఇంత చోటివ్వడమే మీ పని. చిక్కల్లా ఆ కుటుంబం నిజంగానే దొరికేస్తుంది. దాన్ని ఎలా తప్పించాలో చెప్పడానికే ఈ వ్యాసం. మీరు దత్తత తీసుకోకూడదు, ఇంకొకరిని తీసుకోనివ్వకూడదు. ఈ రెంటి మధ్య ఎన్నాళ్లు సాగితే అన్నాళ్లు సాగదీయాలి.

మొదటి జాగ్రత్త ప్రకటన దగ్గరే. కుక్క గురించి నాలుగు ముక్కలు రాసిమ్మని సంస్థ మిమ్మల్నే అడుగుతుంది, ఎందుకంటే బోనులో ఉన్నప్పుడు ఎవరికీ తెలియని సంగతులు మీకు తెలుస్తాయి. ఆడింగ్టన్ ట్రాక్ మీదో, మనుకావ్ ట్రాక్ మీదో పరిగెత్తి వచ్చిన గ్రేహౌండ్‌కు చాలాసార్లు ఇల్లంటే ఏమిటో తెలియదు. పక్కకు జరిపే రాంచ్ స్లైడర్ తలుపు అద్దాన్ని ఖాళీ అనుకుని నేరుగా వెళ్లి గుద్దుకుంటుంది, అందుకని దాని కంటి ఎత్తులో అద్దానికి టేపు ముక్కలు అంటించాల్సి వస్తుంది. మెట్ల ముందు నిలబడి ముందుకాళ్లు రెండూ పైమెట్టు మీద పెట్టి, వెనకకాళ్లను ఏం చేయాలో తోచక అలాగే బిగుసుకుపోతుంది. నున్నటి టైల్స్ మీద అడుగు వేయదు. ఇష్టం పుడితే మాత్రం వచ్చి తన బరువంతా మీ తొడకు ఆనించి నిలబడుతుంది. ఇవన్నీ రాశారంటే పని చెడుతుంది. చదివినవాళ్లలో ఎవరో ఒకరికి, మెట్లు లేని ఇల్లూ మధ్యాహ్నాల తీరికా ఉన్నవాళ్లకు, ఇది మన కుక్కేననిపిస్తుంది. కాబట్టి ‘చాలా మంచి కుక్క, అందరితో ప్రేమగా ఉంటుంది’ అని రాసి ఊరుకోండి. ఆ మాట ప్రతి కుక్క గురించీ రాస్తారు కనుక ఎవరికీ గుర్తుండదు. మామూలు కుక్క అయి, జాతి తెలియకపోతే ఊహించి రాయండి, పిట్‌బుల్ కలిసినట్టుందంటే ఇంకా మేలు. పిట్‌బుల్ తరహా అని కౌన్సిల్ తేల్చిన కుక్కకు వీధిలో మూతికి చిక్కం తప్పనిసరి. అమెరికాలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2016లో చూపించిందేమిటంటే, పిట్‌బుల్ అన్న చీటీ తగిలించిన కుక్కలు, అచ్చం అలాగే కనిపించినా ఆ చీటీ లేని కుక్కల కంటే మూడు రెట్లకు పైగా ఎక్కువ కాలం షెల్టర్లలో పడి ఉన్నాయి. ఒక్క మాట ఖర్చుతో ఇంత ఫలితం ఇంకెక్కడా రాదు.

ప్రకటన ఎంత చప్పగా ఉన్నా ఎవరో ఒకరు వస్తారు, రెండో జాగ్రత్త వాళ్ల దగ్గర. కొన్ని సంస్థల్లో వాళ్లు కుక్కను చూడటానికి మీ ఇంటికే వస్తారు. ఇది పెళ్లిచూపుల్లాంటిదే, ఇక్కడ మీది పిల్లను ఇవ్వడం ఇష్టం లేని మేనత్త పాత్ర. చిన్నపిల్లలున్న ఇల్లయితే పిల్లలున్నారని, పిల్లలు లేని ఇల్లయితే కుక్కకు ఆడుకునే తోడు ఉండదని వంక పెట్టండి. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లయితే కుక్క ఒంటరిదైపోతుంది, ఇంట్లోనే ఉండేవాళ్లయితే వాళ్లకు జీతం ఏదీ? అద్దె ఇళ్లవాళ్లను తిప్పికొట్టడం ఇదివరకు బహు సులువుగా ఉండేది, ఇంటి ఓనరు ఒప్పుకోడనేస్తే సరిపోయేది. 2025 డిసెంబరు 1 నుంచి ఆ వంక బలహీనపడింది. అద్దెకున్నవాళ్లు పెంపుడు జంతువు కోసం అడిగితే ఓనరు 21 రోజుల్లో జవాబివ్వాలి, సహేతుకమైన కారణం లేకుండా కాదనకూడదు, కావాలంటే రెండు వారాల అద్దె మించకుండా పెట్ బాండ్ అనే డిపాజిట్ తీసుకోవచ్చు. కాబట్టి ఇక మీదట కంచె మీద పడండి. ఆ మాత్రం ఆరా తీయొద్దా, చేతిలో పెట్టిన ప్రాణం కదా అని ఎవరైనా అడగొచ్చు. తీయాలి. గంటకు అరవై కిలోమీటర్లు దాటే వేగం గల జంతువు ఉన్న పెరట్లో కంచెకు చిన్న సందున్నా ప్రమాదమే. ఇంట్లో పిల్లి ఉంటే దాన్ని చూసి ఈ కుక్క ఏం చేస్తుందో ముందే తేల్చుకోవాలి. అజాగ్రత్తగా ఇచ్చిన కుక్క తిరిగొస్తే నష్టం దానికే. అయితే కంచె గురించి అడిగే మనిషికి కంచె బాగు చేయిస్తే చాలు. మీరు ఆ మనిషి కాకూడదు. కంచె బాగు చేయించి ఫొటో పంపినవాళ్లను గేటు గడియ రంగు గురించి అడగగలిగితేనే మీకు ఈ విద్య పట్టుబడినట్టు.

ఇదంతా ఎవరికి నష్టం, మీ ఇంట్లో ఒక కుక్క హాయిగానే ఉంది కదా అనిపిస్తే, ఆ ఒక్క కుక్క దాటి చూడకపోవడమే మంచిది. చూస్తే లెక్కలు కనబడతాయి. 1996 నాటి డాగ్ కంట్రోల్ చట్టం ప్రకారం, పట్టుబడిన కుక్కల్ని కౌన్సిల్ ఉంచే పౌండ్‌లో చేరిన కుక్క గురించి యజమానికి నోటీసు వెళ్లాక ఏడు రోజుల గడువు ఉంటుంది. ఎవరూ రాకపోతే ఆ తర్వాత దాన్ని ఎవరికైనా ఇవ్వాలో, ప్రాణం తీయాలో కౌన్సిల్ ఇష్టం. ఒక్క ఆక్లండ్‌లోనే 2024-25లో పౌండ్లకు చేరిన కుక్కలు 10,000 దాటాయి, వాటిలో సగానికి పైగా తిరిగి బయటికి రాలేదు. ఆ పౌండ్ కుక్కలు వేరు, మా ఇంట్లో ఉన్న సంస్థ కుక్క వేరు అని మీరనొచ్చు. కానీ పౌండ్ల నుంచి కుక్కల్ని తెచ్చుకునే సంస్థలు తమ చేతిలో ఎన్ని ఇళ్లుంటే అన్నే తేగలవు. మీ ఇల్లు నాలుగు వారాలకు ఒకసారి ఖాళీ అయితే ఏడాదికి పదమూడు కుక్కలు దాని మీదుగా వెళ్తాయి, ఏడాది పొడుగునా నిండి ఉంటే ఒకటే వెళ్తుంది. ప్రేమ రెండు చోట్లా అంతే, లెక్క మాత్రం వేరు.

గ్రేహౌండ్ల సంగతి ఇంకా ఇరుకున పడింది. 2024 డిసెంబరు 10న రేసింగ్ మంత్రి విన్‌స్టన్ పీటర్స్ గ్రేహౌండ్ పందేలకు స్వస్తి చెబుతున్నట్టు ప్రకటించారు. 2026 జూలై ఆఖరుకల్లా మూసేయాలన్నది నిర్ణయం. ప్రకటన నాటికి పందేల్లో ఉన్న కుక్కలు దాదాపు 2,900. పందెం లేదు కదా అని వాటిని చంపేయకుండా ప్రకటించిన రోజే పార్లమెంటు హడావుడిగా ఒక చట్టం కూడా చేసింది. మంచి చట్టమే. చంపకూడదని చెప్పింది, ఉంచడానికి ఇళ్లు మాత్రం ఏ చట్టమూ కట్టివ్వలేదు. ఆ ఇళ్లు మనుషులవే కావాలి, ముందు కొన్ని వారాలకు, ఆ తర్వాత శాశ్వతంగా. అందులో మొదటి రకం ఇంటిని మీరు అట్టిపెట్టుకుని కూర్చున్నారు, శుభం.

మూడో జాగ్రత్త కుక్కనే మీకు అతుక్కుపోయేలా చేయడం. ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకండి. అన్నం మీ చేత్తోనే తినిపించండి, మీ పక్కలోనే పడుకోబెట్టండి. మీ వంటింటి రుచులూ మరిగించండి, కాకపోతే ఉల్లిపాయా వెల్లుల్లీ కుక్కకు విషం కాబట్టి మన కూరల్లో దానికి పెట్టదగ్గది పెరుగన్నం దగ్గరే ఆగిపోతుంది. నెల తిరిగేసరికి మీరు బాత్రూములోకి వెళ్లినా తలుపు గీరుతుంది. అప్పుడు సంస్థవాళ్లకు ఫోన్ చేసి ‘నన్ను వదిలి ఉండలేదండీ’ అని చెప్పండి. అబద్ధం కాదు, మీరే తయారుచేసిన నిజం. మనసున్నవాళ్లు ఇక్కడే గట్టిగా అడ్డుపడతారు: ఇప్పటికే ఒకసారి ఇల్లు పోగొట్టుకున్న ప్రాణిని మళ్లీ కదిలించడం పాపం కాదా? తీసిపారేయదగ్గ మాట కాదిది. దీనికి దగ్గరగా వచ్చే ఆధారం ఒకటుంది. అమెరికాలో ఐదు షెల్టర్లలోని 207 కుక్కలను ఒకటి రెండు రాత్రులు ఇళ్లకు పంపి చూసి, 2019లో ఫలితాలు అచ్చేశారు. ఇంట్లో ఉన్నప్పుడు వాటి మూత్రంలో ఒత్తిడి హార్మోను కార్టిసాల్ తగ్గింది, ఎడతెగకుండా విశ్రాంతి తీసుకున్నాయి. షెల్టరుకు తిరిగొచ్చాక కార్టిసాల్ పాత స్థాయికి చేరిందే తప్ప దాన్ని మించలేదు. ఒక రాత్రి వేరు, మూడు నెలలు వేరు అన్న అభ్యంతరం న్యాయమైనదే. అయితే ఆ న్యాయం గడువు పెంచేవాళ్ల మీదికే తిరుగుతుంది. మూడు నెలలు దాటితే విడిపోవడం కష్టమయ్యేటట్టయితే, మూడు నెలలు దాటనివ్వకపోవడమే దారి. పైగా ఆ 207 కుక్కలు తిరిగి వెళ్లింది బోనుకు, మీ కుక్క వెళ్లేది ఇంకో ఇంటికి.

తెలుగువాడు ఈ వాదంలో ఓడిపోయేటట్టున్నప్పుడు ధర్మరాజును పిలుస్తాడు. స్వర్గద్వారం దగ్గర ఇంద్రుడు రథం ఎక్కమన్నా, వెంట నడిచొచ్చిన కుక్కను వదిలి రానన్నాడు కదా! నిజమే, ఫాస్టర్ పనికి ధర్మరాజు అంత పనికిరానివాడు ఇంకొకడు లేడు. కానీ ఆయన వెనక రెండో కుక్క లేదు, కుక్కకు వెళ్లడానికి ఇంకో చోటూ లేదు, పైగా అది యమధర్మరాజు వేసుకున్న వేషం. మీ ఇంట్లో కుక్క ఎంత గంభీరంగా కూర్చున్నా ఆ అవకాశం తక్కువ. మరి ధర్మరాజంత పట్టుదల మీకు నిజంగా ఉంటే దానికీ మార్గముంది. మీరే దత్తత తీసుకోండి. ఫాస్టర్లలో చాలామంది చివరికి అదే చేస్తారు, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఒక కుక్కకు ఇల్లు దొరికింది, సంస్థకు ఒక ఫాస్టర్ ఇల్లు తగ్గింది, లెక్క తేటగా ఉంది. అయితే అప్పుడు రుసుమూ మీదే, పశువైద్యుడి బిల్లూ మీదే, నవంబరు 2 నుంచి 5 దాకా బాణసంచా అమ్మే రోజుల్లో సోఫా కింద దూరిన కుక్క పక్కన రాత్రంతా కూర్చోవడమూ మీదే. ఈ వ్యాసం చదువుతున్నారంటే మీ ఉద్దేశం అది కాదనే నమ్మకంతోనే రాస్తున్నాను.

ఇన్ని చేసినా ఒక కుటుంబం కంచె బాగు చేయించి, ఓనరు చేత ఒప్పించి, రెండోసారి కూడా వచ్చి నేల మీద చతికిలబడి కుక్క తనంతట తాను దగ్గరికి వచ్చేదాకా ఓపిగ్గా కూర్చుందంటే మీ పని అయిపోయినట్టే. ఇక చివరి ప్రయత్నం అప్పగింతల దగ్గర. దాని దుప్పటి శుభ్రంగా ఉతికి ఇవ్వండి, తెలిసిన వాసన ఒక్కటీ మిగలకుండా. ఏ మేత తింటుందో, ఎన్నింటికి బయటికి వెళ్తుందో, ఏ శబ్దానికి ఉలిక్కిపడుతుందో, టేపు ముక్కలు ఏ ఎత్తులో అంటించారో ఆ కాగితం మాత్రం ఇవ్వకండి, ఇస్తే వాళ్లు రెండు వారాల్లో మీరు లేకపోయినా గడిచిపోయే స్థితికి వచ్చేస్తారు. ఆ సాయంత్రం సంస్థవాళ్లు ఫోన్ చేస్తారు. వైకాటో నుంచి ఒకటి వచ్చింది, కాలికి కట్టు ఉంది, మూడు వారాలు చాలు అంటారు. ఫోన్ ఎత్తకండి. ఎత్తితే ఒప్పుకుంటారు, ఈ వ్యాసం మొదటి నుంచి మళ్లీ చదువుకోవాల్సి వస్తుంది.