తవర్జీ నుంచి ఎయిర్‌పోర్టు దాకా

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి అధికారంలోకి రావడానికి నూట డెబ్బై ఏళ్లు పైనే పట్టింది. తిరుగుబాటు చేసినందుకు 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఈస్టిండియా కుంపిణీవాళ్లు ఆయన్ను ఉరితీసి, తలను 1877 దాకా కోట గుమ్మానికి వేలాడదీశారు. నాయకుడి ముఖం జనానికి ఎప్పుడూ కనబడుతుండాలన్న ఫ్లెక్సీల సిద్ధాంతం అప్పటికే ఉందన్నమాట.

ఆ తర్వాత ఆయన దశ తిరిగింది. 2019 అక్టోబరు 2న చిరంజీవి రూపంలో వెండితెర ఎక్కారు. 2021 మార్చిలో ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. ఆ విమానాశ్రయాన్ని 2019 జనవరిలో చంద్రబాబు ఒకసారి ప్రారంభించారు, 2021లో జగన్ మరోసారి ప్రారంభించారు. విమానానికి ఒక్క రన్‌వే చాలు గానీ మన నాయకులకు ఒక్క రిబ్బను ఏం సరిపోతుంది?

గుర్రం, కత్తి, మీసం. ఈ మూడూ ఉంటే ఏ పార్టీకైనా నరసింహారెడ్డి మనవాడే. గొడవ ఎక్కడ మొదలైందన్నది మాత్రం ఏ వేదిక మీదా వినపడదు. ఎందుకంటే అది రెవెన్యూ ఆఫీసులో మొదలైంది. 1800లో నిజాం కోయిలకుంట్ల సీమను కుంపిణీకి దత్తం చేశాక కలెక్టరు మన్రో దొర పాలెగాళ్ల కోరలు పీకి తవర్జీ అనే పింఛను పడేశాడు. అది వాటాల్లో చీలి చీలి నరసింహారెడ్డి చేతికి వచ్చేసరికి నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. నొస్సం పాలెగాడైన తాతగారి తవర్జీ ఆ తాతతోనే చెల్లిపోయిందన్నారు. ఉన్న తవర్జీ కోసం మనిషిని పంపితే కోయిలకుంట్ల తాసీల్దారు నోటికొచ్చినట్టు తిట్టి పంపాడని చెప్పుకుంటారు. ఊరి కావలి కాసే కట్టుబడివాళ్ల మాన్యాలూ కుంపిణీ లాక్కుంది. భూమి పోయినవాళ్లు, పరువు పోయినవాడు ఒక్కటై 1846 జూలైలో ఖజానా మీద పడ్డారు. అక్టోబరుకల్లా పేరుసోముల కొండల్లో రెడ్డి పట్టుబడ్డాడు.

అంటే అది భూమి కాగితాల మీద వచ్చిన తిరుగుబాటు. ఈ సంగతి నాయకులు గుర్తుచేసుకోరు, గుర్తుచేస్తే మన కాగితాలూ బయటికి వస్తాయి. మొన్నటి ప్రభుత్వంలో రైతు పాసుబుక్కు మీద, పొలం గట్టున నాటిన సర్వే రాయి మీద కూడా పులివెందుల నాయకుడు జగన్ బొమ్మే. మన్రో దొరకు కూడా తట్టని ఆలోచన. 2024లో ప్రభుత్వం మారింది, పాత ప్రభుత్వం తెచ్చిన భూ హక్కుల చట్టం రద్దయింది, పాసుబుక్కు మీదికి రాజముద్ర వచ్చింది. బొమ్మ మార్చినంత చురుగ్గా లోపలి పేజీ మారిందా అని అడగకండి. ఒక మండలాఫీసు వరండాలో ఒక పెద్దాయన ప్లాస్టిక్ కవరులోంచి రెండు పాసుబుక్కులూ తీసి చూపించాడు. రెండింట్లోనూ నాలుగెకరాల మిట్ట చేను మూడెకరాలే.

"అట్ట బాగుందప్పా," అన్నాడు.

ఇంకో తమాషా ఉంది. రెడ్డి బతికున్నప్పుడు కోయిలకుంట్ల కడప జిల్లాలో ఉండేది. తర్వాత కర్నూలుకు పోయింది. 2022 నుంచి నంద్యాల జిల్లా. విమానాశ్రయం మాత్రం కర్నూలు జిల్లాలోనే ఉండిపోయింది. కాబట్టి దండ వేయడానికి మూడు జిల్లాల నాయకులకూ హక్కుంది. తవర్జీ బకాయి ఏ కలెక్టరు ఖాతాలో పడుతుందన్న ప్రశ్నకు మాత్రం మూడు ఆఫీసులూ పక్క జిల్లా వైపే వేలు చూపిస్తాయి.