నిద్రకో పరీక్ష

స్లీప్ ఆప్నియా అనేది నిద్రలో ఊపిరి ఆగి, మళ్లీ అందుకుని, మళ్లీ ఆగే జబ్బు. నిద్రపట్టగానే గొంతు కండరాలు సడలడం అందరికీ ఉన్నదే. కొందరికి అవి మరీ సడలి, నాలుక వెనక్కి జారి, గాలి దారి మూసుకుపోతుంది. కనీసం 10 సెకన్లు ఊపిరి ఆగితే ఒకసారి ఆగినట్టు లెక్క. ఈలోగా రక్తంలో ఆక్సిజన్ తగ్గి, మెదడు కంగారుపడి మనిషిని కుదిపి లేపుతుంది. ఇల్లదిరేలా ఒక్క గురక పెట్టి ఆయన మళ్లీ నిద్రలోకి జారుకుంటాడు. రాత్రంతా ఇదే వరస. తెల్లారి అడిగితే మాత్రం "ఒళ్లు తెలియకుండా పడుకున్నాను" అంటాడు.

అందుకే ఈ జబ్బు సంగతి రోగికి తప్ప ఇంటిల్లిపాదికీ తెలుసు. గురక పెట్టేవారి వాదనలు మూడు రకాలు. తాము గురకే పెట్టమన్నది మొదటిది. పెట్టినా ఆ ఒక్కరోజే, అదీ అలసట వల్లేనన్నది రెండోది. తమ నాన్నగారు ఇంతకు రెట్టింపు పెట్టేవారన్నది మూడోది. డాక్టరుకు పనికొచ్చేది ఈ మూడోదొక్కటే. దవడ తీరు, గొంతు ఇరుకు వంశంలో వస్తుంటాయి.

ఆస్పత్రిలో ముందుగా చేతికొచ్చేది ప్రశ్నపత్రం. దీన్ని ఎప్‌వర్త్ స్కేలు అంటారు. 1991లో మెల్‌బోర్న్ డాక్టరు ముర్రే జాన్స్ తయారుచేశాడు. 8 సందర్భాలు ఇచ్చి, ఒక్కోదాంట్లో కునుకు పట్టే అవకాశానికి 0 నుంచి 3 దాకా మార్కులు వేసుకోమంటారు. మొత్తం 10 దాటితే పగటినిద్ర హద్దు మీరినట్టు.

చిక్కల్లా ఆ సందర్భాలతోనే. "మద్యం పుచ్చుకోకుండా మధ్యాహ్నం భోంచేసి, ఊరికే కూర్చుంటే?" అని ఒక ప్రశ్న. ముద్దపప్పు, ఆవకాయ, గడ్డపెరుగు అయ్యాక మద్యంతో పనేముంది? మూడు మార్కులు. "మధ్యాహ్నం వీలు చూసుకుని నడుం వాలిస్తే?" ఇంకో మూడు. "సభలో కదలకుండా కూర్చుంటే?" ఇది పుస్తకావిష్కరణ సభలు చూడనివారు అడగవలసిన ప్రశ్న. సమయాభావం వల్ల రెండే మాటలంటూ అధ్యక్షుడు అరగంట దాటించేసరికి వేదిక మీదివారికే రెప్పలు వాలుతుంటాయి. అక్కడ మెలకువగా ఉన్నవారిని పరీక్షకు పంపాలి. "గంటసేపు కారులో ప్రయాణిస్తే?" హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే ఆర్టీసీ బస్సులో, ముక్కూమొహం తెలియని మనిషి భుజం మీద తలపెట్టి నల్గొండ జిల్లా మొత్తం దాటేసే జాతికి ఇదొక ప్రశ్నా? "ఎవరితోనైనా కూర్చుని మాట్లాడుతుంటే?" ఎవరితో అన్నది చెప్పరు. తోడల్లుడు తన ప్లాటు గజం రేటు చెబుతుంటే పట్టే నిద్రకు గొంతు కండరాలను బాధ్యుల్ని చేయలేం. ఆఖరిది, "ట్రాఫిక్‌లో కారు కొద్ది నిమిషాలు ఆగితే?" ఆ హారన్ల మధ్య కుంభకర్ణుడికైనా కునుకు పట్టదు గనుక సున్నా. ఎంత ఆరోగ్యవంతుడైన తెలుగువాడైనా పది దాటకుండా బయటపడడం కష్టమే.

తరవాత మెడకు టేపు చుట్టి కొలుస్తారు. 40 సెంటీమీటర్లు మించితే ఒక మార్కు. వయసు 50 దాటితే ఒకటి, మగపుట్టుక పుట్టినందుకు మరొకటి. ఇవన్నీ కూడితే స్లీప్ స్టడీ రాసిస్తారు.

స్లీప్ స్టడీ అంటే రాత్రంతా ఆస్పత్రిలో నిద్రపోవడం. నెత్తి మీద వెంట్రుకలు పాయలు తీసి, జిగురు పూసి వైర్లు అంటిస్తారు. కళ్ల పక్కన, గడ్డం కింద, గుండె మీద, పిక్కల మీద ఇంకొన్ని. ఛాతీకో బెల్టు, పొట్టకో బెల్టు, ముక్కులో గొట్టం, వేలికి క్లిప్పు, ఎదురుగా గోడకు కెమెరా. ఇంత అలంకారం పూర్తిచేసి టెక్నీషియన్ "ఇక హాయిగా పడుకోండి సార్" అని లైటు తీసేస్తాడు. సరిగ్గా కన్నంటుకునే వేళకు స్పీకర్లోంచి "సార్, వేలి క్లిప్పు ఊడింది" అని వినిపిస్తుంది. బాత్రూముకు వెళ్లాలంటే ఆయన్నే పిలవాలి. జిగురు రెండుసార్లు తలంటుకున్నా వదలదు. ఇంట్లోనే చేసుకునే చిన్న పరీక్షా ఉంది. వైర్లు తక్కువ, వివరాలూ తక్కువే.

రిపోర్టులో చూడవలసిన అంకె ఒక్కటే: గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగింది, లేదా బాగా తగ్గింది. 5 లోపు మామూలే. 15 దాకా స్వల్పం, 30 దాకా మధ్యస్థం, అది దాటితే తీవ్రం. అంటే రెండు నిమిషాలకోసారి.

ప్రధాన చికిత్స సీప్యాప్ యంత్రం. మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకోకుండా ఆపుతుంది. సిడ్నీ డాక్టరు కోలిన్ సలివన్ 1980లో వాక్యూమ్ క్లీనర్ మోటారుతో గాలి ఊదించి దీన్ని మొదలుపెట్టాడు. ఇప్పటి యంత్రం చప్పుడు తక్కువ, ధర పదుల వేలు. ఆస్పత్రిలో చేరలేదు గనుక ఇవ్వం అనడం బీమావారికి అలవాటే. మాస్కు వదులైతే గాలి కళ్లలోకి కొడుతుంది, బిగిస్తే ముక్కు మీద వాత తేలుతుంది. డిస్టిల్డ్ వాటర్ కావాలి, కరెంటు పోతే ఇన్వర్టర్ కావాలి. వాడిన గంటలన్నీ యంత్రం రాసిపెట్టుకుంటుంది కాబట్టి డాక్టరు దగ్గర బొంకడానికీ వీల్లేదు.

బరువు తగ్గడం, మద్యం మానడం, పక్కకు తిరిగి పడుకోవడం కూడా చికిత్సలే. కొందరికి దవడను ముందుకు జరిపే పరికరమో, ఆపరేషనో అవసరం. డిడ్జరీడూ అనే ఆస్ట్రేలియా ఆదివాసుల బూర ఊదితే గొంతు గట్టిపడి జబ్బు తగ్గుతుందని 2006లో స్విట్జర్లాండ్ పరిశోధకులు చూపించారు. గురకా బూరా, రెండింటిలో ఏది నయమో ఇంట్లోవాళ్లనే అడగాలి.

పెద్దవాళ్లు నిద్రలో పోతే "పుణ్యాత్ముడు, అనాయాసంగా పోయాడు" అనడం మన అలవాటు. వారిలో కొందరు పెళ్లి విడిదిళ్లలో గురకకు పేరుమోసినవాళ్లు. పిల్లలు ఆ గురకను అనుకరించి అందరినీ నవ్వించేవారు. మధ్యలో అది ఆగిపోతే, పక్కవాళ్లు హమ్మయ్య అనుకుని అటు తిరిగి పడుకునేవారు. ఆ ఆగడమే జబ్బని ఎవరికీ తెలియదు. 'గ్యాంగ్ లీడర్'కు పాటలు కట్టిన బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో కన్నుమూస్తే వైద్యులు చెప్పిన కారణం ఈ జబ్బే.

కాబట్టి పక్కవారి గురక ఉన్నట్టుండి ఆగితే సంతోషించకుండా ఫోను తీసి రికార్డు చేయండి. మర్నాటి తగవుకు అది ఎలాగూ పనికొస్తుంది గానీ, ముందు డాక్టరుకు వినిపించండి.