రక్తం కక్కితేనే క్యాన్సర్!

తెలుగు సినిమా వైద్యం చాలా చవక. లక్షణం ఒక్కటే, దగ్గు. పరీక్షా ఒక్కటే, తెల్ల రుమాలు. దాని మీద ఎర్ర మరక పడిందా, జబ్బు తేలిపోయినట్టే. డాక్టరు కళ్లజోడు తీస్తాడు, రోగిని బయట కూర్చోబెడతాడు, మొగుణ్ని లోపలికి పిలిచి గడువు చెబుతాడు. ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించారా అని అడిగే నాథుడు ఉండడు. అడిగితే ఇంటర్వెల్ ఆలస్యమవుతుంది.

‘ప్రేమాభిషేకం’ (1981)లో అక్కినేనికి తాను ప్రేమించిన అమ్మాయిని దూరం చేసుకోవడానికి క్యాన్సర్ అక్కరకొచ్చింది. ‘మాతృదేవోభవ’ (1993)లో మాధవికి, ‘చక్రం’ (2005)లో ప్రభాస్‌కు బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. మన కథకులకు బ్లడ్ క్యాన్సరంటే ఎందుకంత మక్కువో ఊహించడం కష్టం కాదు. దానికి మర్యాద తెలుసు. ఏ అవయవాన్నీ పేరు పెట్టి పిలవనక్కర్లేదు, దేన్నీ కోయనక్కర్లేదు. మేకప్ చెదరదు. కట్టిన చీర కట్టినట్టే ఉండగా ప్రాణం పోతుంది.

మన దేశపు ఆడవాళ్లకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే క్యాన్సర్ మాత్రం రొమ్ము క్యాన్సర్. ప్రపంచ క్యాన్సర్ లెక్కలు చెప్పే గ్లోబోకాన్ అంచనా ప్రకారం 2022లో సుమారు 1.92 లక్షల కొత్త కేసులు, 98 వేల మరణాలు. ఇంత సీనియారిటీ ఉన్న జబ్బుకు మన తెరమీద చిన్న వేషం దొరకడమే గగనం. పేరెత్తాలంటే సిగ్గట! ఎవరికండీ సిగ్గు? కథానాయిక మీద పళ్లూ పూలూ విసిరి పాటలు తీసిన పరిశ్రమకా? దశాబ్దాలుగా కెమెరా కళ్లప్పగించి చూసిన చోట గడ్డ లేస్తే, డైలాగు రైటరు మాత్రం తలొంచుకుని కాలి బొటనవేలితో నేల రాస్తున్నాడు!

ఇంతకీ సినిమా వాళ్ల ఈ రక్తపు రుమాలు ఎక్కడిదో వికారాబాద్ జిల్లా పూడూరు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అక్కణ్నుంచి వికారాబాద్ దాటితే అనంతగిరి కొండ, కొండమీద పాత క్షయ ఆసుపత్రి. ఒకప్పుడు కథల్లో పెద్దజబ్బు క్షయే. పాలిపోయిన ప్రియుడు, కిటికీ పక్కన మంచం, రుమాలులో రక్తం. స్ట్రెప్టోమైసిన్ అనే మందు వచ్చింది, క్షయ తగ్గడం మొదలైంది. తగ్గే జబ్బుతో జనాన్ని ఏడిపించడం కష్టం కదా, రచయితలు మూటాముల్లె సర్దుకుని క్యాన్సర్‌కు బదిలీ అయ్యారు. రుమాలు మాత్రం పాతదే పట్టుకొచ్చారు. ఈ వలసను అమెరికా రచయిత్రి సుసాన్ సొంటాగ్ 1978లోనే ఓ పుస్తకంలో ఎండగట్టింది. ఆమె అప్పటికి రొమ్ము క్యాన్సర్‌కు వైద్యం పొందుతున్న మనిషి. ఆ సంగతి పుస్తకంలో ఎక్కడా చెప్పుకోలేదు. మనవాళ్లైతే దాన్నే ఫ్లాష్‌బ్యాక్ చేసేవారు.

ఇదంతా ఉత్త చాదస్తమైతే నవ్వి ఊరుకోవచ్చు. కానీ ఈ రుమాలు పాఠం జనానికి వంటబట్టింది. రొమ్ములో గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. పత్తి ఏరే రోజుల్లో పూడూరు చేనులో ఒకామె చేతికి అది తగిలిందనుకోండి, ఏమంటుంది? “దగ్గొస్తలేదు, రక్తం పడ్తలేదు, నొప్పి గూడ లేదు. ఏమైతది? పత్తి అయినంక జూద్దం.” ఆ మాట ఆమెకు నేర్పింది ఎవరు? సినిమా హాలు. పోనీ రాత్రి టీవీ పెడితే, సీరియల్లో క్యాన్సర్ విలన్ అత్తకు పాపఫలంగానైనా వస్తుంది, రిపోర్టులు తారుమారై ఉత్తిదనైనా తేలుతుంది.

అసలు కథ సరుకు ఎంతుందో చూడండి. పూడూరు నుంచి మన్నెగూడకు రావాలి, చేవెళ్ల మీదుగా బస్సులో మెహిదీపట్నం చేరాలి, అక్కణ్నుంచి రెడ్‌హిల్స్‌లో 1955 నుంచీ ఉన్న ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి. చీటీ లైను, ముక్క పరీక్ష ఫలితం కోసం పడిగాపులు, ఆరోగ్యశ్రీ కాగితాలు. ఆపరేషన్ తర్వాత చంకకింద గొట్టం, దానికో సంచి. మూడు వారాలకోసారి కీమో సూది, వారాల తరబడి “కరెంటు పెట్టించుకోవడం”, అంటే రేడియేషన్. వాచిన చేత్తో బిందె ఎత్తలేక మొగుడితో పోట్లాట. కొందరికైతే ఆపైన ఐదేళ్లు రోజుకో మాత్ర. ఐదేళ్లట! మూడు నెలల గడువు మీద బతికే స్క్రీన్‌ప్లేకు ఇది ఎట్లా మింగుడుపడుతుంది?

పైగా ఈ మనుషులు బతికేస్తున్నారు. ఆంగ్ల నవలా రచయిత్రి ఫ్రాన్సెస్ బర్నీకి 1811లో ప్యారిస్‌లో మత్తుమందు లేకుండానే రొమ్ము తీసేశారు. ఆ కోత ఎట్లా ఉందో అక్కకు ఉత్తరంలో పూసగుచ్చినట్టు రాసి, 1840 దాకా బతికింది. అంతదూరం ఎందుకు, నటి గౌతమికి 35 ఏళ్లకే ఈ జబ్బొచ్చింది. తగ్గాక మళ్లీ వచ్చి ‘మనమంతా’ (2016)లో నటించింది. ‘మిర్చి’ (2013) పాటలో ఆడిపాడిన హంసానందిని 2021 డిసెంబరులో తనకు రొమ్ము క్యాన్సరని, తల్లిని బలిగొన్నదీ అదేనని, జన్యుపరీక్షలో బీఆర్‌సీఏ1 జన్యువులో లోపం తేలిందని గుండు చేయించుకున్న ఫొటోతో సహా ప్రకటించింది. మరుసటేడాదే షూటింగుకు తిరిగొచ్చింది. తారలు బతికి సెట్టుకొస్తుంటే పాత్రల్ని మాత్రం చంపి పాట పెడుతున్నారు. కథకులు దినపత్రికైనా చదువుతారో లేదో!

అయ్యా రచయితలూ, అనంతగిరికి లొకేషన్లు చూడ్డానికి మీరెట్లాగూ వస్తుంటారు. తిరిగివెళ్లేటప్పుడు మన్నెగూడలో కారు దిగి మెహిదీపట్నం బస్సెక్కండి. చేతిలో ఎక్స్‌రే కవరు పట్టుకున్న ఆమె పక్కన సీటు ఖాళీగా ఉంటే కూర్చోండి.

అమ్మా, మీరు మాత్రం వాళ్ల కథ మారేదాకా ఆగకండి. ముప్పై దాటిన ఆడవాళ్లకు రొమ్ము పరీక్ష సర్కారు కార్యక్రమంలోనే ఉంది. చేతికి గడ్డ తగిలితే, నొప్పి ఉన్నా లేకున్నా, ఈ వారమే ఆశా కార్యకర్తకు చెప్పి డాక్టరుకు చూపించుకోండి.