మసాలా బిస్కెట్లు చెడగొట్టడం ఎలా?

ముందుగా మంచి మే నెల చూసుకోండి. విజయవాడో రామగుండమో అయితే మరీ శ్రేష్ఠం. వెన్న గది వేడిమిలో ఉండాలని వంటల పుస్తకం చెబుతుంది కదా, ఆ మాట జవదాటకండి. చలిదేశాల పుస్తకాల్లో గది అంటే 20 డిగ్రీల చుట్టుపక్కల. మన వంటగది 40 దాటినా గదే. వెన్న 32–35 డిగ్రీలకే కరిగిపోతుంది. చక్కెరతో గిలక్కొట్టినప్పుడు గాలిని పట్టి ఉంచాల్సినది నూనె అయి కూర్చుంటుంది, ఓవెన్‌లో పెట్టగానే పిండి జారి, ట్రేలోని బిస్కెట్లన్నీ ఒకదానికొకటి అతుక్కుంటాయి. ముద్దను అరగంట ఫ్రిజ్‌లో ఉంచితే ఈ వైభవం దక్కదు, కాబట్టి ఉంచకండి. ఇంత ఎండలోనూ బేకరీవాళ్లకు చక్కగా వస్తున్నాయే అంటారా? చాలాచోట్ల వాళ్లు వాడేది వనస్పతి; అది వెన్నకంటే ఎక్కువ వేడిని తట్టుకుని గట్టిగా నిలుస్తుంది. నాన్‌ఖటాయీకి నెయ్యే వాడతారుగా అంటే, నిజమే, అయితే అది పూసకట్టిన నెయ్యి. మేలో నెయ్యికి ఆ ఓపిక ఉండదు.

ఇన్ని జరిగినా ఇంట్లోవాళ్లు తప్పుపట్టేది మసాలానే. దాన్నీ నిరాశపరచకండి. యాలకులు తొక్కలో ఉన్నంతకాలం వాసన దాచుకుంటాయి, దంచిన దగ్గర్నుంచి వదులుకుంటూ పోతాయి. అందుకని నిరుడు కొట్టించి, స్టవ్ సెగ తగిలే అరలో పెట్టిన పొడినే వాడండి. వాసన తగ్గితే ఇంకాస్త వేస్తే సరి అనేవాళ్లుంటారు. పాతపొడిలో ఎగిరిపోయింది పరిమళం. పొట్టు, చేదు ఎక్కడికీ పోలేదు, రెట్టింపు వేస్తే రెట్టింపయ్యేవి అవే. వాసనకు బదులుగా లవంగం దట్టిస్తే బిస్కెట్ పళ్ల డాక్టరు గదిలా ఉంటుంది. ఇందులో అతిశయోక్తి లేదు, లవంగనూనెలోని యూజెనాల్ ఆ వైద్యంలో వాడేదే. శొంఠిని పచ్చి అల్లం కొలతకే వేయండి. నీరు పోయి ఘాటు చిక్కబడటమే కాదు, ఎండేటప్పుడు అల్లంలోని ఘాటుపదార్థం కొంత మరింత ఘాటుగా మారుతుంది కూడా. పిల్లలు చెంబెడు నీళ్లు తాగుతారు.

కాల్చడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. బిస్కెట్ ఓవెన్‌లో మెత్తగానే ఉంటుంది, బయట చల్లారుతూ గట్టిపడుతుంది. మీరు మాత్రం లోపలే కరకరలాడాలని పట్టుబట్టండి. అడుగు మాడి మసాలా చేదెక్కుతుంది. తీయగానే, సెగలు పోకముందే డబ్బాలో పోసి మూత బిగించండి. లోపలి ఆవిరికి పైభాగం మెత్తబడుతుంది, మాడిన అడుగు మాత్రం అలాగే ఉంటుంది. చుట్టాలొస్తే టీతో పెట్టండి. ముంచిన సగం కప్పులోనే ఉండిపోతుంది.